నాలుగోవాడి స్కోరు

వచ్చే సోమవారం మా జట్టు మళ్లీ పోటీలో దిగుతోంది. ఐదు వారాలు, ఐదు ఆటలు. అన్నీ పాతకాలపు ఆర్కేడ్ షూటింగ్ గేములే. తెర అడుగున మన విమానం, పైనుంచి వాన కురిసినట్టు తూటాలు. ఆ వారం ఆట ఏదో సోమవారం పొద్దున చెబుతారు. ఒక్క కాయిన్ మీద ఆడి తెచ్చుకున్న అత్యధిక స్కోరుని, రీప్లే ఫైలుతో సహా ఆదివారం రాత్రికల్లా పంపాలి. ఎవరింట్లో వాళ్లుండే ఆడతాం. మాది నలుగురి జట్టు: కాకినాడలో నేను, రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసే మా పిన్ని కూతురు, హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వరంగల్‌లో బీటెక్ చదివే కుర్రాడు. పెద్దవాణ్నని నన్ను కెప్టెన్ని చేశారు.

ఈ ఆటలతో నా పరిచయం తొంభైల నాటిది. మా వీధి చివర వీడియో గేమ్ షాపులో నాలుగు మెషీన్లుండేవి. కుర్రాళ్లంతా ముస్తఫా గేమ్ చుట్టూ మూగితే, నేను మూలనున్న విమానాల గేమ్ దగ్గర నిలబడేవాణ్ని. రూపాయి బిళ్లకి ఎంతసేపు ఆడగలమన్నదొక్కటే అప్పటి లెక్క. స్కోరు ఎంతయిందో చూసిన గుర్తే లేదు. చావకుండా ఆడటం ఒక విద్య, స్కోరు కోసం ఆడటం ఇంకో విద్య అని తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ రెండో విద్య ఈ ఆటలతోపాటే పుట్టింది. 1978లో టైటో కంపెనీలో తొమోహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో, తెర పైభాగాన అప్పుడప్పుడూ ఒక పళ్లెం లాంటి ఓడ అడ్డంగా పోతుంది. దాన్ని కొడితే ఎన్ని పాయింట్లొస్తాయన్నది అదృష్టమే అనిపిస్తుంది కానీ, అసలు సంగతి మనం అప్పటిదాకా ఎన్ని తూటాలు పేల్చామన్నదాంట్లో ఉంది. 23వ తూటాతో కొడితే 300 పాయింట్లు, ఆ తర్వాత ప్రతి 15వ తూటాకీ మళ్లీ 300. అది కనిపెట్టినవాళ్లు తూటాలు లెక్కపెట్టుకుంటూ ఆడారు. జపాన్‌లో గేమెస్ట్ అనే పత్రిక 1986 నుంచి 1999లో మూతపడేదాకా గేమ్ సెంటర్లలో నమోదైన రికార్డు స్కోర్లను అచ్చువేసేది. ఆ పేజీలో తమ పేరు పడాలని ఒకే ఆటను నెలల తరబడి ఆడినవాళ్లుండేవారు.

మేం నెల రోజులుగా డోడోన్‌పాచి మీద సాధన చేస్తున్నాం. కేవ్ కంపెనీ 1997లో తెచ్చిన ఆట. పోటీలో అది వస్తుందని కాదు, చేతివాటంతో దాటేద్దామంటే కుదరనివ్వదని ఎంచుకున్నాం. దాంట్లో ఒక శత్రువుని కూల్చగానే చిన్న మీటర్ నిండుతుంది. అది ఖాళీ అయ్యేలోపు ఇంకొకణ్ని కూల్చాలి. అలా కూల్చుకుంటూ పోతే గొలుసు పొడుగవుతుంది, ఒక్కో శత్రువు విలువా పెరుగుతుంది. క్షణం ఆలస్యమైతే గొలుసు తెగి మళ్లీ మొదటికొస్తుంది. మరి శత్రువులే లేని ఖాళీ వస్తే? అక్కడే ఉంది అందం. పెద్ద ట్యాంకు మీద లేజర్ పడుతున్నంతసేపూ మీటర్ పడిపోదు. కాబట్టి ముందే చంపేయగలిగిన ట్యాంకుని చంపకుండా, తెర జారిపోయేలోపు ఖాళీని దాటడానికి వంతెనలా వాడుకోవాలి. శత్రువుని ఎప్పుడు చంపాలన్నదానికంటే ఎంతసేపు బతకనివ్వాలన్నది పెద్ద ప్రశ్న అవుతుంది.

దీన్ని మా పిన్ని కూతురు పట్టుకున్నంత గట్టిగా మాలో ఎవరూ పట్టుకోలేదు. లెడ్జరు రాసినట్టు రూళ్ల పుస్తకంలో స్టేజ్ వారీగా గీతలు గీసి, ఏ ట్యాంకుని ఎప్పటిదాకా ఉంచాలి, స్టేజ్‌కి 13 చొప్పున దాగున్న తేనెటీగలు ఎక్కడెక్కడున్నాయి, ఏ మూలకి ఏ వైపు నుంచి చేరాలి అన్నీ రాసిపెట్టింది. ఆ పుస్తకం ఫొటోలు గ్రూపులో పెడితే మిగతా ముగ్గురం దాన్నే రూటు చేసుకున్నాం. విచిత్రం ఏమిటంటే, అంత తెలిసీ తను మూడో స్టేజ్‌లోనే పోతుండేది. "అన్నయ్యా, చెయ్యి కదిపాక విమానం కదులుతోంది" అనేది. చేతులు తడబడుతున్నాయేమో అనుకున్నాను. తీరా చూస్తే తప్పు టీవీది. బొమ్మకి నగిషీలు చెక్కే సెట్టింగులన్నీ ఆన్‌లో ఉన్నాయి. ఈ ఆటలు సెకనుకి సుమారు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. టీవీ ఐదారు ఫ్రేములు మింగేస్తే, ఆ అమ్మాయి చూస్తున్న తూటా అప్పటికే ముందుకెళ్లిపోయినట్టు. గేమ్ మోడ్ పెట్టిన రోజే మూడో స్టేజ్ దాటింది. అందుకే ఇప్పుడు సాధన మొదలుపెట్టే ముందు నలుగురి టీవీలూ, ఎమ్యులేటర్ వెర్షన్లూ, సెట్టింగులూ సరిచూస్తాను. వెర్షన్ తేడా వస్తే రీప్లే కూడా దారి తప్పుతుంది.

నిరుడు ఇంత శ్రద్ధ పెట్టలేదు. దానికంటే పెద్ద పొరపాటు ఇంకోటి చేశాను. మాలో గట్టి ఆటగాడు హైదరాబాద్ అతను. వారమంతా అతని స్కోరు వెంటే పడ్డాను, అర్ధరాత్రి దాకా అతని రీప్లేలే చూశాను. పోటీలో ఒక్కొక్కరికీ వచ్చిన స్థానాన్నిబట్టి పాయింట్లు వేసి, నలుగురివీ కలుపుతారు. అంత కష్టపడితే అతను నాలుగో స్థానం నుంచి మూడుకి ఎక్కాడు, జట్టుకి కలిసింది ఒక్క పాయింటు. అదే వారం వరంగల్ కుర్రాడు యాభయ్యో స్థానంలో ఉన్నాడు. పక్కన కూర్చుని రెండు మెలకువలు చెప్పి ఉంటే పదిహేను స్థానాలు పైకొచ్చేవాడు. వాడు అడగలేదు, నేను చూడలేదు. ఆ సీజన్ అయ్యాక ఆ కుర్రాడు జట్టు మానేస్తానంటే, ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఈసారి బుధవారాలు వాడివి. నలుగురం కలిసి వాడి రీప్లేలే చూస్తాం. ఎక్కడ చచ్చాడో చూడం, అంతకు మూడు సెకన్ల ముందు ఎక్కడున్నాడో చూస్తాం. మొదటి వారంలోనే రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, బాంబులు జేబులో ఉంచుకునే చచ్చిపోతున్నాడు. రెండోది, అదీ ముఖ్యమైనది: మొదటి స్టేజ్‌లో గొలుసు తెగగానే ఆపేసి మళ్లీ మొదలుపెడుతున్నాడు. సాయంత్రమంతా ఆడితే ముప్పై నలభైసార్లు మొదటి స్టేజ్, ఒక్కసారి నాలుగో స్టేజ్. తెలిసిన వీధిలోనే తిరుగుతున్నాడు. అందుకని ఒక కట్టడి పెట్టుకున్నాం. గురువారం దాకా రీస్టార్ట్ నొక్కకూడదు, గొలుసు తెగినా లైఫులు పోయినా చివరిదాకా ఆడాలి. నాలుగో స్టేజ్ మొదట్లో సేవ్ స్టేట్ పెట్టుకుని రోజూ అరగంట అక్కడే సాధన, తర్వాత రెండు పూర్తి ఆటలు. ఆ వచ్చిన స్కోరు ఎంతైనా సరే బుధవారం పంపేయాలి. సాహసాలన్నీ దాని తర్వాతే.

వాడితో నాకు ఎక్కువ వాదన జరిగింది బ్యాటిల్ గరెగ్గా దగ్గర. రైజింగ్ కంపెనీ 1996లో తెచ్చిన ఆ ఆటకి బయటికి కనిపించని ఒక కొలత ఉంది. తూటా పేల్చినా, బలం పెంచే వస్తువు ఏరుకున్నా అది పెరుగుతుంది, దాంతో శత్రువులు మొండికెక్కుతారు. తగ్గాలంటే మనం చావాలి. పది లక్షల పాయింట్లకి ఒక లైఫ్ ఎటూ వస్తుంది కాబట్టి, సరైన చోటు చూసుకుని లైఫులు ఇచ్చేసుకుంటూ పోవాలి.

"అన్నా, మస్తు కష్టపడి ఇంతదాక తెచ్చిన. చూసి చూసి ఎట్ల సస్త?" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు చావకపోతే ఐదో స్టేజ్ నిన్ను చంపుతుంది తమ్ముడూ. అక్కడ పోతే ఏమీ రాదు. ఇక్కడ పోతే ఆట మెత్తబడుతుంది" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. నాకు వాడి బాధ తెలుసు. చిన్నప్పుడు ఆ షాపులో ఒక్కో లైఫునీ రూపాయిలా దాచుకున్నవాణ్ని నేను. దాచుకున్నదాన్ని మన చేత్తోనే వదులుకోమంటే వేళ్లు మొరాయిస్తాయి. ఈ మాట వాడికి వివరించి చెప్పలేకపోయాను. నేను ఆడుతూ లైఫ్ ఇచ్చేసి, ఆ వెంటనే తెర మీద తూటాలు ఎలా పలచబడ్డాయో చూపించాను. రెండుసార్లు చూసి, మూడోసారి తనే ఆడాడు.

నిన్న రాత్రి పదకొండు దాటాక గ్రూపులో వాడి మెసేజ్ వచ్చింది. డోడోన్‌పాచి రీప్లే ఫైలు, దాని కింద ఒక వాక్యం: "రెండో స్టేజ్ల చైన్ తెగింది అన్నా, అయినా ఆపలే." ఐదో స్టేజ్ బాస్ దాకా వెళ్లాడు. పొద్దున్నే ఆఫీసుందని అంటూనే మా పిన్ని కూతురు రూళ్ల పుస్తకం తీసింది. హైదరాబాద్ అతను కాల్‌లోకి వచ్చాడు. నేను రీప్లే పెట్టాను.