'ఆపరేషన్ అయింది': ఒక వాక్యం దాచిన వాస్తవం

ఇటీవల ఒక యువ రచయిత తన కథ రాతప్రతి చదవమని ఇచ్చాడు. ఇటుక బట్టీలకు వలసపోయిన కూలి దంపతుల కథ. అడ్వాన్సు అప్పు, మేస్త్రీ దోపిడీ, యజమాని దౌర్జన్యం అన్నీ నిశితంగా చిత్రించాడు. రెండో కాన్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టాడు: "ఆమెకు ఆపరేషన్ అయింది."

ఎవరు నిర్ణయించారు? ఆమెకే ఎందుకు? కథలో జవాబు లేదు. దీన్ని నేను శిల్పలోపం అనను, దృక్పథ లోపం అంటాను.

ఈ వాక్యం వెనక చరిత్ర ఉంది. 1952లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే, దేశంలో 82 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. వాటిలో సుమారు 62 లక్షలు వేసెక్టమీలు. ఆ బలవంతానికి ప్రజలు 1977 ఎన్నికల్లో జవాబు చెప్పారు. ఆ తర్వాత పాలకులు కత్తిని దించలేదు; ఎదురు తిరగదనుకున్న శరీరం వైపు మళ్లించారు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది స్త్రీలు చనిపోయారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. నిజానికి వేసెక్టమీయే పొట్ట కోయనక్కర్లేని చిన్న ఆపరేషన్. అయినా "మగాడు బరువులెత్తాలి, కష్టం చెయ్యాలి" అన్న మాట ఇంటింటా చెల్లుతోంది. మరి ఇటుకలు మోసే ఆమెది కష్టం కాదా? స్త్రీ శ్రమను శ్రమగా లెక్కించని భూస్వామ్య భావజాలమే ఇక్కడా పనిచేస్తోంది. యజమాని దోపిడీని పట్టుకున్న మన రచయిత కన్ను ఇంట్లోని దీన్ని పట్టుకోలేకపోయింది.

మార్పు లేకపోలేదు. దేశం మొత్తం మీద 2015-16లో 5.6 శాతం ఉన్న కండోమ్ వాడకం 2019-21 నాటికి 9.5 శాతానికి పెరిగింది. ఆపరేషన్ ఒక్కనాటితో ముగుస్తుంది. కండోమ్ విషయంలో భర్త ప్రతిసారీ బాధ్యత పంచుకోవాలి, భార్య అడగగలగాలి. దాంపత్యంలో మొలకెత్తుతున్న ఈ కొత్త సంబంధం, అందులోని వైరుధ్యాలు మన కథల్లోకి ఎంతవరకు వచ్చాయి?

ఇలా అడుగుతున్న నేనూ నిర్దోషిని కాను. నా తొలి కథల్లోనూ స్త్రీలకు ఆపరేషన్లు 'అయ్యాయి'. చేసుకున్న నిర్ణయంగా ఒక్కటీ రాయలేదు.

ఆ యువకుడికి ఒకటే చెప్పాను: ఆ వాక్యం కొట్టెయ్యి. ముందు రాత్రి వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో రాయి. మాట్లాడుకోకపోతే, ఆ మౌనాన్నే రాయి.