రుజువు భారాన్ని దించిన వాక్యం

మంట ఆర్పి బయటికొచ్చిన ఫైర్‌మ్యాన్ హెల్మెట్ తీస్తే మెడ చుట్టూ నల్లటి మసి చార కనిపిస్తుంది. చెమటతో తడిసి, వేడెక్కిన చర్మంలోకి ఆ మసిలోని విషాలు తేలిగ్గా ఇంకుతాయి. సోఫాలు, ప్లాస్టిక్కులు తగలబడిన పొగలో బెంజీన్, ఫార్మాల్డిహైడ్ ఉంటాయి. పాత కట్టడమైతే ఆస్బెస్టాస్ ధూళి కూడా కలుస్తుంది. ఇరవై ఏళ్లకు కిడ్నీలో కణితి బయటపడితే, అది ఏ రాత్రి, ఏ ఇంటి పొగ వల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఉద్యోగం వల్లే వచ్చిందని నిరూపించమంటే ఆ రోగి ఏ కాగితం తెచ్చి చూపాలి?

కెనడాలోని మానిటోబా రాష్ట్రం 2002లో కార్మికుల నష్టపరిహార చట్టాన్ని సవరించి ఈ చిక్కుముడి విప్పింది. ఆ సవరణ రాసినవాళ్ల పనితనం మెచ్చుకోదగ్గది. జాబితాలో ఉన్న క్యాన్సర్ అగ్నిమాపక ఉద్యోగికి వస్తే, దానికి ప్రధాన కారణం ఉద్యోగమేనని భావించాలి, కాదని రుజువైతే తప్ప. సారాంశం ఇంతే. ఆ చివరి "తప్ప"తో రుజువు భారం జబ్బుమనిషి మీంచి దిగి, కాదనేవాళ్ల నెత్తికెక్కింది. అలాగని ఎదుటి పక్షం నోరూ నొక్కలేదు, ఆధారముంటే చూపించుకోవచ్చు. మన దేశపు 1923 నాటి పరిహార చట్టం కూడా కొన్ని వృత్తి వ్యాధుల విషయంలో ఈ పద్ధతినే పాటించింది.

అసలు నేర్పు కొలతల్లో ఉంది. అన్ని క్యాన్సర్లకూ ఒకే గడువు పెడితే రాయడం సులువయ్యేది. వాళ్లు అలా చేయలేదు. లుకేమియాకు 5 ఏళ్ల సర్వీసు చాలన్నారు. మెదడు క్యాన్సర్‌కు 10, మూత్రాశయానికి 15, కిడ్నీకీ నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాకూ 20 ఏళ్లు పెట్టారు. ఇప్పుడు పనిలో ఉన్నవారితో పాటు ఒకప్పుడు పనిచేసినవారినీ కలిపారు. ఏళ్ల తరబడి దాగి ఉండే జబ్బు రిటైరైన తర్వాత బయటపడినా, ఆ మనిషికి చట్టం అండగా ఉంటుంది.

తొలి జాబితాలో ఉన్నవి ఈ అయిదే. తర్వాతి సవరణలు దాన్ని పెంచాయి. 2011లో ఆస్ట్రేలియా పార్లమెంటు 12 క్యాన్సర్లతో ఇలాంటి చట్టమే చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకంగా ఖరారు చేసింది. తగినంత ఆధారం ఉందని అది పేర్కొన్న రెండు క్యాన్సర్లలో ఒకటి మూత్రాశయానిది. మానిటోబా ఆ పేరును ఇరవై ఏళ్ల ముందే జాబితాకెక్కించింది. విజ్ఞానం ఆఖరి మాట చెప్పేదాకా జబ్బుమనిషిని ఆఫీసు గుమ్మంలో నిలబెట్టలేదు.