చిత్రతురగము – మజిలీ: కంప్యూటరు రథపందెములందలి విరామవ్యూహమునకు విమర్శ

రథమునకు వేగమే ప్రాణమని లోకము తలచును. కాని పందెముల చరిత్రను పరిశీలించినచో, పెక్కు విజయములు వేగముచేతనే గాక, ఎచ్చట ఆగవలెనో, ఎంతసేపు ఆగవలెనో ఎఱిగిన వివేకముచేతను లభించినట్లు తెలియును. మోటారు పందెములయందు కారు నడుమ నాగి, టైర్లు మార్చుకొని, నియమము అనుమతించినచోట ఇంధనము పోసికొని తిరిగి బయలుదేరుటను పిట్ స్టాప్ అందురు. నేడు ఈ నిలుపుదల పందెపు బాటనుండి కంప్యూటరు తెరమీదికిని వచ్చినది. బల్లకు బిగించిన స్టీరింగును, కాలిక్రింద పెడళ్లను ఆధారము చేసికొని, వేర్వేఱు దేశములందలివారు ఇంటర్నెట్టు ద్వారమున ఒకే బాటపై పోటీ పడుదురు. దీనికి సిమ్ రేసింగు అని పేరు. దీనియందలి టైర్ల, ఇంధనముల లెక్క వట్టి వినోదమా, లేక ఒక విద్యయా అనునది ఇచ్చట విచార్యము.

ఈ విచారము బీదరు సీమలోని ధన్నూర వంటి గ్రామమునకు సంబంధములేనిదిగా తోచవచ్చును. నిజమునకు ఇట్టి గ్రామములకే దీని సంబంధము మెండు. పందెపు కారు నడుపుటకు వలయు ధనము, బాట, శిక్షణ గ్రామీణ బాలునకు అందనివి. స్టీరింగు, కంప్యూటరు, తెగని ఇంటర్నెట్టు అనునవియు చౌకయైనవి కావు. అయినను నిజమైన కారుతో పోల్చినచో అవి కొంత అందుబాటులోనివి. కనుక పిల్లవాడు తెరముందు కూర్చున్నాడనగానే కాలహరణమని కసరుటకు పూర్వము, అతడు అచ్చట చేయుచున్న పని యెట్టిదో పెద్దలు తెలిసికొనుట న్యాయము. తెలుగువారికి ఈ విచారము క్రొత్తదియు కాదు. మన కావ్యములందే దీనికి మూలములు కలవు.

భారతమున ద్రోణపర్వమందలి సైంధవవధ ఘట్టమును స్మరింపుడు. సూర్యాస్తమయములోపల సైంధవుని వధింపవలెనని అర్జునుని ప్రతిజ్ఞ. ప్రొద్దు వాలుచున్నది, సైంధవుడు ఇంకను దూరమున నున్నాడు, గుఱ్ఱములు బాణములు నాటి, దప్పిచే అలసినవి. అట్టి సమయమున అర్జునుడు రథము దిగి నేలపై నిలిచి శత్రుసేనలను నిలువరించెను. బాణముతో భూమిని భేదించి జలాశయమును, బాణములతోనే గృహమును కల్పించెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, నాటిన బాణములను తీసి, నీరు త్రాపి, సేదదీర్చి మరల పూన్చెను. తెలుగున తిక్కన సోమయాజి వ్రాసిన పర్వములలో చేరిన ఈ కథయందు నేటి పందెపు వ్యూహాంగములన్నియు కనబడుచున్నవి: మీఱరాని గడువు, మిగిలిన దూరము, వాహనముయొక్క స్థితి, ఆగిన కాలమున కలుగు అపాయము. ఆగకున్న గుఱ్ఱములు కూలును. ఎక్కువసేపు ఆగిన ప్రొద్దు గ్రుంకును. ఈ రెండు నష్టములలో ఏది చిన్నదో తేల్చుటయే వ్యూహము.

అరణ్యపర్వమందలి నలోపాఖ్యానమున మఱియొక నిలుపుదల కలదు. దమయంతీ పునఃస్వయంవరమునకు ఒక్క దినమున చేరవలెనని ఋతుపర్ణుడు తొందరపడుచుండెను. దారిలో తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఆ రాజు చూపుతోనే లెక్కించి చెప్పగా, బాహుకరూపుడైన నలుడు రథము నాపి, ఆ లెక్క సరియగునో కాదో పరీక్షించెను. పిమ్మట రాజు అక్షహృదయమును ఇచ్చెను. నలుడు అశ్వహృదయమును ఇచ్చుటకు అంగీకరించెను. కొంత కాలము పోయినది. కాని అంతకుమించిన లాభము కలిగినది. కలియు నలుని విడిచిపోయెను. ఇందు ఒకడు గణకుడు, ఒకడు సారథి. నిజమైన పందెములలోను కారులో కూర్చున్నవాడు సారథి. బాటప్రక్క గోడచెంత లెక్కలు వేయువారు గణకులు. సిమ్ రేసింగున సామాన్యుడైన పోటీదారునకు ఈ రెండు విద్యలును ఒక్కనియందే ఉండవలసివచ్చును. దాని కష్టమును, ఘనతయును ఇచ్చటనే కలవు.

లెక్క యెట్టిదో ఒక కల్పిత ఉదాహరణముచే చూపవచ్చును. పందెము 60 నిమిషములు. చుట్టునకు సుమారు 118 సెకనులు. చుట్టునకు 3 లీటర్ల ఇంధనము. ట్యాంకు పరిమితి 60 లీటర్లు. ఒక నిలుపుదలకు నష్టము 60 సెకనులు అనుకొందము. 30 చుట్లకు 90 లీటర్లు వలయును. కావున ఒక్కమాఱైనను ఆగక తప్పదు. నిండు ట్యాంకుతో బయలుదేరినవాడు 20వ చుట్టు దాటి పోలేడు. ఒకే నిలుపుదలతో ముగింపదలచినచో 10వ చుట్టునకు ముందు ఆగరాదు. ఈ పది చుట్ల నడుమ నున్న అవకాశమే వ్యూహక్షేత్రము.

ఇంతవఱకు బడిపిల్లవాడును చేయగల లెక్కయే. కాలపరిమితి గల పందెములందు చిక్కు మఱియొకటి కలదు. ముందున్నవాడు గడువు తీఱకమునుపే గీత దాటినచో ఇంకొక చుట్టు తిరుగవలెను. చుట్టునకు 117.9 సెకనుల చొప్పున నడిపినవానికి 30 చుట్లు, నిలుపుదలతో కలిపి, 59 నిమిషముల 57 సెకనులలో ముగియును; అతడు 31వ చుట్టు తిరుగవలెను, 93 లీటర్లు కావలెను. 118.1 సెకనుల చొప్పున నడిపినవానికి అవి 60 నిమిషముల 3 సెకనులకు ముగియును. పందెము అంతటితో సరి, 90 లీటర్లు చాలును. చుట్టునకు సెకనులో అయిదవ వంతు భేదము కడపట 3 లీటర్ల భేదమైనది. వేగము పెంచినవాడు ఆ వేగముచేతనే ఇంధనము చాలక బాటపై నిలిచిపోవుట ఈ పందెములందు వింత కాదు. దీనిని ముందే ఊహించినవాడు మలుపునకు ముందు కొంచెము ముందుగా పెడలుమీదినుండి కాలు తీసి, కారును దాని ఊపుననే పోనిచ్చును. చుట్టునకు 0.15 లీటరు మిగిల్చినను 20 చుట్లలో ఒక చుట్టునకు సరిపడు ఇంధనము చేరును.

టైర్ల లెక్క ఇంతకంటె సూక్ష్మము. అరిగిన టైరు జాఱును. క్రొత్త టైరు పట్టునిచ్చును గాని, వేడెక్కువఱకు అదియు నమ్మదగినది కాదు. ముందున్న ప్రత్యర్థి 1.2 సెకనుల దూరమున నున్నాడనుకొందము. అతనికంటె ఒక చుట్టు ముందుగా ఆగి, క్రొత్త టైర్లతో ఆ చుట్టున 1.5 సెకను లాభించినచో, అతడును ఆగి వెలువడునప్పటికి 0.3 సెకను ముందుండవచ్చును. దీనినే అండర్‌కట్ అందురు. కాని చల్లని టైర్లవలన 0.5 సెకను నష్టమైనచో లాభము 1 సెకనుకు తగ్గి, ఇంకను 0.2 సెకను వెనుకనే ఉండవలసివచ్చును. పైగా ముందుగా ఆగినవాని టైర్లు తుదియందు ముందుగా అరుగును. నేటి లాభమునకు రేపటి ఋణము తీర్చక తప్పదను సంసారధర్మమే ఇందును కనబడుచున్నది.

నిజమైన పందెములలో ఈ నీతికి ప్రసిద్ధోదాహరణము 1957వ సంవత్సరపు జర్మను గ్రాండ్ ప్రీ. న్యూర్బుర్గ్‌రింగు బాటపై ఫాంజియో సగము ట్యాంకుతో తేలికగా బయలుదేరి, నడుమ నాగి ఇంధనము, టైర్లు తీసికొనెను. ఆ నిలుపుదల అనుకొన్నదానికంటె దీర్ఘమై, అతడు ముప్పావు నిమిషమునకు పైగా వెనుకబడెను. పిమ్మట చుట్టు వెంబడి చుట్టు వేగమును పెంచి, ఆగకుండ సాగిన హాథార్నును, కాలిన్సును తుదకు ముందటి చుట్టులో దాటి గెలిచెను. వ్యూహము దారి చూపును గాని నడువదు. నడుపవలసినది సారథియే అని ఈ పందెము చాటుచున్నది.

ఇక అసలు ప్రశ్న: తెరపైని పందెము సత్యమా, అసత్యమా? నాట్యమును గూర్చి ఇట్టి ప్రశ్ననే మన ఆలంకారికులు విచారించిరి. శంకుకుడు చిత్రతురగ న్యాయమును చెప్పెను. చిత్తరువులోని గుఱ్ఱమును చూచినవానికి కలుగు జ్ఞానము సత్యము కాదు, మిథ్య కాదు, సంశయము కాదు, సాదృశ్యమాత్రమును కాదు. వీనికి విలక్షణమైనదని అతని మతము. అనుకరణ మను ఈ వాదమును భట్టతౌతుడు ఖండించినట్లు అభినవగుప్తుని వ్యాఖ్యవలన తెలియుచున్నది. సిమ్ రేసింగునకు శంకుకుని న్యాయము కొంతవఱకే చెల్లును. చిత్తరువులోని గుఱ్ఱము అలయదు. తెరపైని ఈ గుఱ్ఱము అలయును. దాని టైర్లు అరుగును, దాని ట్యాంకు ఖాళీయగును, దాని యజమాని చేసిన తప్పు మరలిరాదు. వ్యయమున్నచోట వివేకమునకు పని కలదు. కావున ఈ క్రీడయొక్క విలువ చిత్రముయొక్క పోలికయందు గాక, వ్యయముయొక్క నియమమునందు కలదని చెప్పవలెను.

ఈ గీటురాయిపై గీచినచో ఆటలన్నియు ఒక్క తీరున లేవని తెలియును. 2008లో వెలువడిన ఐరేసింగ్, 2019లో పూర్తి రూపమున వెలువడిన అసెట్టో కోర్సా కాంపిటిజియోనె వంటివి లోకమునందలి కారు గుణములను సాధ్యమైనంత దగ్గఱగా అనుసరింప యత్నించును. భరతుని పరిభాషలో ఇది లోకధర్మి. గ్రాన్ టురిస్మో వరుసలో టైర్ల అరుగుదలను, ఇంధనవ్యయమును కొన్ని రెట్లు హెచ్చించి, దీర్ఘపందెముయొక్క వ్యూహమును కొలది చుట్లలో ఇమిడ్చెడి ఏర్పాటు కలదు. ఇది నాట్యధర్మి. కొందఱు దీనిని కృత్రిమమని నిందింతురు. ఆ నింద సరి కాదు. రంగస్థలమున నాలుగడుగులు నడిచి నటుడు అడవి దాటుట లేదా? అయితే అరుగుదలకును, ఇంధనమునకును, నిలుపుదల నష్టమునకును పొత్తు చెడరాదు. ఒకదానిని మిక్కిలి పెంచి, వేఱొకదానిని వదలినచో, ఒకే మార్గము అందఱికిని శ్రేష్ఠమగును. ఎన్నుకొనుటకు ఏమియు మిగులదు. అప్పుడది వ్యూహము కాదు, వాడుక మాత్రమే.

ఈ క్రీడయందలి లోపములను దాచుటయు తగదు. 1994వ సంవత్సరమున హాకెన్‌హైములో ఇంధనము పోయునప్పుడు యోస్ వెర్‌స్టాపెన్ కారును మంటలు క్రమ్మెను. నడుమ ఇంధనము పోయుట ఫార్ములా వన్‌లో 2010 నుండి నిషిద్ధము. తెరపైని నిలుపుదలలో ఆ మంట లేదు. ఒడలికి భయము లేదు. భయములేనిచోట సాహసము చౌకయగును. ఇది మొదటి లోపము. రెండవది దైవోపహతి. ఆ యోస్ కుమారుడైన మాక్స్ వెర్‌స్టాపెన్, లోకవిజేతయై యుండియు, 2023 జనవరిలో జరిగిన 24 గంటల వర్చువల్ ల్యె మాన్ పందెమున ముందంజలో నుండగా కంప్యూటరు సంబంధము తెగి వెనుకబడి, తుదకు విరమించెను. తండ్రికి అగ్ని, కుమారునకు తెగిన తీగ. టైరు పగిలినచో అది పందెములోని దైవము; సర్వరు చెడినచో అది పందెమునకు వెలుపలి దైవము. పల్లెటూరి పోటీదారు లెక్క యెంత ఒప్పైనను, ఇంటర్నెట్టు తడబడినచో ఆ లెక్క వ్యర్థము. సమానమైన క్రీడ యని దీనిని పొగడువారు ఈ అసమానతను మఱవరాదు.

తెలుగునేలపై ఈ విద్యయొక్క నిజరూపము 2023 ఫిబ్రవరి 11న కనబడినది. ఆనాడు హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల వీథిబాటపై, ఫార్ములా ఈ పందెము జరిగెను. అవి విద్యుత్తు కార్లు. ఇంధనము లేదు, పోసికొనుటకు నిలుపుదల లేదు. అందఱికిని పరిమితమైన శక్తియే. దానిని చుట్టుచుట్టునకు పంచుకొనవలెను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. నిక్ కాసిడీ అర సెకను లోపల వెంబడించెను. మూడవవాడుగా గీత దాటిన బ్యూమీ అనుమతించినదానికి మించిన శక్తి వినియోగించినందుకు శిక్ష పొంది, ఆ స్థానమును కోల్పోయెను. నిలుపుదల తొలగినను వ్యయనియమము తొలగలేదని దీనివలన తేలుచున్నది. 2024లో జరుగవలసిన పందెము రద్దయినది. బీదరునకు సమీపమున నున్న ఆ మహానగరమున బాట మూతపడినను, తెరపైని బాట తెఱచియే యున్నది.

కడపట ఒక భాషావిషయము. ఈ క్రీడయందలి మాటలన్నియు ఆంగ్లములు. టైరు, స్టీరింగు వంటివి ఇదివఱకే తెలుగైనవి, వానిని మార్చనక్కఱలేదు. పిట్ స్టాప్‌నకు మాత్రము మజిలీ యను మాట వాడుట యుక్తము. మంజిల్ శబ్దమునుండి వచ్చిన ఈ మాట, కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెలుగు కలసి మెలసి యున్న బీదరు సీమవారికి పరాయిది కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు ప్రతి మజిలీయందును గోపునకు ఒక కథ చెప్పును. అచ్చట మజిలీ ప్రయాణమునకు ఆటంకము కాదు. ప్రయాణమును సాగించునది మజిలీయే.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి కన్నడరాష్ట్రమున చేరిన ఈ సీమలో, తెలుగు బాలుడు ఇంటిలో ఒక భాషయు, బడిలో ఒక భాషయు, తెరముందు వేఱొక భాషయు పలుకుచున్నాడు. తెరముందు తాను చేయు లెక్కను అమ్మకు, అయ్యకు తెలుగున చెప్పగలిగిననాడు, వారికది కాలహరణముగా గాక విద్యగా తోచును. అలసిన గుఱ్ఱమునకు నీరు త్రాపుటకై యుద్ధమధ్యమున రథము నాపిన సారథి కథ తెలిసిన జాతికి, ఆ బాలుడు చెప్పునది అర్థము కాకపోదు.