ఇరుసుకు పెట్టే ముద్ద

వరికోతలకు వారం ముందు మా వాకిట్లో ట్రాలీ ఒక పక్కకు ఎత్తి ఉంటుంది. ఇరుసు కింద జాకీ, జాకీ పక్కన ఇరుసుకు ఆనించిన చెక్క దిమ్మె, నేలమీద ఉన్న చక్రానికి ముందొక రాయి, వెనకొక రాయి. మా బాపు పీట మీద కూర్చుని, ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు ముద్ద పెట్టుకుని, కుడిచేత్తో బేరింగు పట్టుకుని దాని అంచును ఆ ముద్దలో అదుముతూ ఉంటాడు. ఐదారు సార్లు అదిమేసరికి రోలర్ల సందుల్లోంచి గ్రీజు సేమ్యా పోగుల్లా పైకి లేస్తుంది. అప్పుడు బేరింగును ఒక వేలెడు తిప్పి మళ్లీ అదుముతాడు. చుట్టూ తిరిగి మొదటి చోటికి వచ్చేదాకా తలెత్తడు.

"గ్రీజు పెట్టినమా లేదా గాదు బిడ్డా, లోపటికి వొయిందా లేదా సూడాలె" అంటాడు.

లక్సెట్టిపేట చుట్టుపక్కల ఊళ్లలో ఈ పనికి పెద్ద వంశమే ఉంది. ట్రాలీ రాకముందు టైరు బండి, దానికి ముందు ఇనుప పట్టా వేసిన కట్టె చక్రాల బండి. బండి మారినప్పుడల్లా ఇరుసుకు పెట్టే పదార్థం మారింది. పెట్టే చెయ్యి మాత్రం బండి ఉన్న ఇంటిదే. ఇప్పుడా చెయ్యి వెనక్కి పోతున్నది. అందుకే ఇది రాస్తున్నాను.

పాత బండికి కందెన పెట్టేవారు. సుమతీ శతకకారుడు కరణాలతో మంచిగా ఉండాలని చెప్పబోతూ ఉపమానానికి ఈ కందెననే తెచ్చుకున్నాడు. వినేవాళ్లందరికీ అది రోజూ చేతికి అంటుకునే మసి కాబట్టి వివరించే పని పడలేదు. మా తాత కందెన చేసే తీరు బాపు చెప్పగా విన్నాను. ఎండిన వరిగడ్డిని కాల్చాలి. అది తెల్లబూడిద కాకముందే, నల్లగా ఉన్నప్పుడే ఆర్పాలి. ఆరినాక మెత్తగా నూరి, పాత ధోవతి గుడ్డలో జల్లించి, గోరువెచ్చని ఆముదంలో కలపాలి. పుల్లతో ఎత్తితే కారకుండా పుల్లకే పట్టుకుని ఉంటే కుదిరినట్టు.

ఎందుకు నల్లగా ఉన్నప్పుడే ఆర్పాలో నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. వరిగడ్డిలో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ. పూర్తిగా కాలితే మిగిలేది దాదాపు అదే, అంటే ఇరుసును అరగదీసే గరుకు. సగంలో ఆర్పితే బొగ్గు మసి మిగులుతుంది, ఆముదాన్ని పట్టి ఉంచుతుంది. ఆముదం మిగతా నూనెల కన్నా చిక్కన, లోహాన్ని వదలకుండా అంటుకుంటుంది. రసాయన శాస్త్రం పేరు వినని మనిషి, కాలే గడ్డి రంగు చూసి ఎక్కడ ఆపాలో తెలుసుకున్నాడు.

ఆ కందెనను వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవారు. దూరం పోయేటప్పుడు నడుమ ఎక్కడో చెట్టు కింద ఆపి, బండికి కర్ర ఊతం పెట్టి, ఇరుసు చివరి సీల లాగి, చక్రాన్ని జానెడు బయటికి జరిపి, కందెనలో ముంచిన జనపనార పోగులు ఇరుసుకు చుట్టి, మళ్లీ లోపలికి నెట్టేవారు. ఎడ్లు నెమరేసేలోపు అయ్యే పని.

ప్రయాణాల బండి వేరే ఉండేది. దాన్ని మా దిక్కు సవారి కచ్రం అంటారు. చిన్న బండి, పైన గుమ్మటం, లోపల గడ్డి పరిచి దాని మీద బొంత. ఆడబిడ్డను పుట్టింటికి తేవడానికి, ధర్మపురి నర్సన్న జాతరకు, గూడెం గుట్ట సత్తెన్న దగ్గరికి కచ్రం కట్టేవారు. రెండేళ్లకోసారి మేడారం పోయే బండ్లయితే రోజుల తరబడి అడవిలో నడిచేవి. ఆ దారిలో ఇరుసు ఎండితే ఆదుకునేవాడు ఉండడు, గొట్టంలో ఉన్న కందెనే దిక్కు. జన్నారం మండలంలో కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి మెస్రం వంశస్థులు పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా దేవుడికి గోదావరి జలం తీసుకుపోతారు. వాళ్ల కుటుంబాలు ఎడ్లబండ్లు కట్టుకుని కేస్లాపూర్ మర్రిచెట్ల కిందికి చేరతాయి. ఆ బండ్లను చూసినప్పుడు నా కళ్లు ముందు ఇరుసుల మీదికే పోతాయి.

కట్టె చక్రం ఇరుసుకు రాసుకుంటూ తిరుగుతుంది. బేరింగులో రాపిడి దొర్లడంగా మారుతుంది. ట్రాలీ హబ్బులో ఉండేది కోసు రోలర్ల బేరింగు. దీన్ని 1898లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేటెంటు చేయించిన హెన్రీ టిమ్‌కెన్ గుర్రపు బగ్గీలు చేసేవాడు. బండి మలుపు తిరిగినప్పుడు బరువు పైనుంచే గాక పక్కనుంచి కూడా చక్రాన్ని నెడుతుంది. ఆ రెండు బరువులనూ ఒకేసారి మోసేట్టు రోలర్లను ఏటవాలుగా పెట్టాలన్నది ఆయన ఆలోచన. అంటే మన ట్రాలీలోని బేరింగు పుట్టింది పశువు లాగే బండి కోసమే. ఈ మాట మొదటిసారి చదివినప్పుడు బాపుకు చెప్పాను. "మరి గందుకే మనకు తెల్సినట్టుంటది" అన్నాడు.

బేరింగు రెండు ముక్కలు. రోలర్లున్న లోపలి కోను చేతికి ఊడి వస్తుంది, బయటి కప్పు హబ్బులోనే బిగిసి ఉంటుంది. రోలరు తన పొడుగంతా దొర్లుతుంది గానీ, దాని లావుపాటి చివర కోను అంచుకు రాసుకుంటుంది. బేరింగు ముందుగా కాలేది అక్కడే. కాబట్టి అరచేతి ముద్దలో అదమవలసింది కూడా వెడల్పు వైపు నుంచే. పైపైన పూస్తే రోలర్ల వెన్ను మెరుస్తుంది, రాపిడి ఉన్న చోటు ఎండుగానే ఉంటుంది.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. ఒక ఏడు పనుల తొందరలో ట్రాలీని రోడ్డు పక్క షెడ్డుకు ఇచ్చాము. పొద్దున ఇస్తే మధ్యాహ్నానికి అయిపోయిందన్నారు. మూడో రోజు వడ్ల బస్తాలతో రాయపట్నం వంతెన దాటుతుంటే ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. ఆపి చూస్తే హబ్బు మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమంటున్నది. మూత విప్పితే మూత నిండా కొత్త గ్రీజు. లోపలి బేరింగు రోలర్లు నీలంగా మారి, వాటిని పట్టే జల్లెడ తునకలైంది. షెడ్డువాళ్లు చక్రం ఊడదీయనే లేదు, మూత తీసి గ్రీజు నింపి మళ్లీ కొట్టారు. ఆ రాత్రి గోదావరి ఒడ్డున వేరే ట్రాలీలోకి బస్తాలు మార్చుకున్నాం. బాపు ఎవరినీ ఏమీ అనలేదు. మరునాడు సొంత పానాలు కొన్నాడు.

పని వరుస చెప్తాను. ఖాళీ ట్రాలీనే ఎత్తాలి, లోడుతో వద్దు. జాకీని ఒక్కదాన్నే నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు, ఇరుసు కింద దిమ్మె ఉండాలి. ముందు చక్రాన్ని చేత్తో తిప్పి వినాలి. బాగున్న బేరింగు తిరిగే చప్పుడు ఊపిరిలా ఉంటుంది. చెడినది గరగరమంటుంది. తర్వాత చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాలి. కొద్దిగా కదిలితే తప్పులేదు, టకటకమంటే వదులైందన్న మాట.

మూత తీసి, కాటర్ పిన్ను కాళ్లు సాపు చేసి లాగి, నట్టు విప్పి, చక్రాన్ని బయటికి తేవాలి. పాత గ్రీజును పారేసే ముందు వేళ్ల మధ్య నలిపి చూడాలి. నల్లబడడం మామూలే. పాలు కలిసిన టీ లెక్క తెల్లబారితే నీళ్లు దిగినట్టు. మెరుపు పొడి తగిలితే లోహం అరుగుతున్నది. గోదావరి ఇసుక మోసే ట్రాలీల్లో నీళ్లు దిగడం ఎక్కువ. దానికి కారణముంది. రోడ్డు మీద నడిచి వేడెక్కిన హబ్బు చప్పున చల్లని నీళ్లలోకి దిగుతుంది. లోపలి గాలి ముడుచుకుని, సీలు అంచు నుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. వాగులోకి దిగే ముందు కాసేపు ఒడ్డున ఆగితే సగం నష్టం తప్పుతుంది.

కోనులను డీజిల్‌లో కడిగి గుడ్డ మీద ఆరబెట్టాలి. గాలి పైపుతో బేరింగును గిరగిరా తిప్పి ఆరబెట్టే వాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి, రోలరు ఊడి కంట్లో పడే ప్రమాదం ఉంది. ఆరిన రోలర్ల మీద, కప్పు లోపల గోరు నడిపించాలి. గోరు ఎక్కడైనా ఆగితే గుంత పడ్డట్టే. అప్పుడు కోను ఒక్కటే మార్చొద్దు, కప్పు కూడా కలిపి మార్చాలి. బాగున్నవైతే ఏ కోను ఏ కప్పులోంచి వచ్చిందో అందులోకే పోవాలి. కలిసి అరిగిన జోడును విడదీస్తే రెండూ చెడతాయి.

గ్రీజు డబ్బా మీద లిథియం రకమని, చక్రాల బేరింగులకని ఉండాలి. మా దిక్కు ఎంపీ-3 అని అడిగితే ఇస్తారు. లిథియం గ్రీజు 1940ల నుంచి ఉంది. మామూలు కాల్షియం గ్రీజు నూరు డిగ్రీల దగ్గర కరిగి కారిపోతుంది, ఇది 180 డిగ్రీల దాకా ఆగుతుంది. గ్రీజు అంటే నిజానికి సబ్బులో పట్టి ఉంచిన నూనె, కందెనలో మసి చేసిన పనిని ఇందులో సబ్బు చేస్తుంది. రెండు రకాల సబ్బులు కలిస్తే పట్టు విడిచి నూనె కారిపోవచ్చు. అందుకే పాత గ్రీజు మీద కొత్తది పెట్టొద్దు, కడిగి పెట్టాలి. హబ్బు లోపలి ఖాళీ నిండా కుక్కొద్దు కూడా. మూడో వంతు చాలు. ఎక్కువైతే గ్రీజును చిలుక్కుంటూనే బేరింగు వేడెక్కుతుంది.

అన్నిటికన్నా చేతి నేర్పు ఉన్నది నట్టు బిగించడంలో. వెనక కొత్త ఆయిల్ సీల్ కొట్టి, చక్రం ఎక్కించి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ మరో చేత్తో పానాతో నట్టు బిగించాలి. తిప్పుతూ బిగిస్తేనే రోలర్లు తమ తమ చోట్ల కుదురుకుంటాయి. చక్రం బరువెక్కినట్టు అనిపించగానే ఆపి, నట్టును పూర్తిగా వదులు చేసి, ఈసారి పానా లేకుండా వేళ్లతోనే బిగించాలి. పిన్ను రంధ్రం కలవకపోతే వదులు వైపే జరపాలి, బిగువు వైపు ఎప్పుడూ వద్దు. మిగలవలసిన సందు కాగితం మందం. కొత్తవాళ్లకు వదులంటే భయం, బలం కొద్దీ బిగిస్తారు. కాలిన బేరింగుల్లో చాలా వాటిని కాల్చింది ఆ బలమే. నాకు ఈ ఒక్కటీ పట్టుబడడానికి మూడు కోతలు పట్టింది. మొదటి రెండుసార్లు నేను బిగించినదాన్ని బాపు మాట్లాడకుండా విప్పి మళ్లీ బిగించాడు.

మొదటి లోడు తర్వాత ఐదు కిలోమీటర్లకు ఆపి చేతి వెనక వైపు హబ్బు దగ్గర పెట్టి చూడాలి. గోరువెచ్చన మంచిదే. ఒక పక్క కన్నా రెండో పక్క బాగా వేడిగా ఉంటే మళ్లీ విప్పాలి.

అమెరికాలో కారు వెనక ఇల్లులాంటి బండి తగిలించుకుని సెలవులకు పోయేవాళ్లు ఉన్నారు. వాళ్ల చక్రాల్లోనూ ఇవే కోసు రోలర్లు. ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టుకోవాలని వాళ్లకు చెప్తారు, చాలామంది సొంతంగా అరచేతిలోనే అదుముతారు. వాళ్ల దారి తారురోడ్డు. మన ట్రాలీ నడిచే దూరం తక్కువే గానీ, కడెం కాలువ గట్టు బురద, ఇసుక, పైన టన్నుల బరువు. మనకు ఏడాదికి రెండుసార్లు కావాలి. వానాకాలం పంట కోతకు ముందొకసారి, యాసంగి కోతకు ముందొకసారి.

డబ్బు మిగులుతుందని ఈ పని చేయమనడం లేదు, మిగిలేది కొంచెమే. విప్పిన మనిషికి తన బండి సంగతి తెలుస్తుంది, అది నాకు ముఖ్యం. ఏ చక్రం సీలు తొందరగా పోతుందో, ఏ కప్పు మీద గీత మొదలైందో, ఇంకో పంట ఆగుతుందో లేదో బాపు చెప్పగలడు. రోడ్డు మీద మన వెనకాల, మన పక్కన మోటారు సైకిళ్లు వస్తుంటాయి, వాటి మీద పిల్లలు ఉంటారు. జాతీయ రహదారి మీద ఊడిన ట్రాలీ చక్రం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఇరుసు చూసుకోవడం వాళ్ల పట్ల మన బాధ్యత.

ఈసారి కోతలకు ముందు ఒక పొద్దు ట్రాలీకి ఇవ్వండి. ఇంట్లో పదో తరగతి దాటిన పిల్ల గానీ పిలగాడు గానీ ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ముద్ద వాళ్ల అరచేతిలోనే పెట్టండి. ఊడదీసిన కాటర్ పిన్నును మాత్రం మళ్లీ వాడకండి, కొత్తదే వేయండి.