కంబళికి ఊపిరాడుతుంది

కళ్యాణదుర్గం దాటి కంబదూరు, కుందుర్పి వైపు పోతే, బీళ్లలో మేసే గొర్రెల వెనక మడత కంబళి భుజాన వేసుకున్న కాపరి ఇప్పటికీ కనిపిస్తాడు. ఎండ మాడ్చేసే సీమలో ఈ నల్లటి ముతక గుడ్డ బరువెందుకని కొత్తవాళ్లు అడుగుతారు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ కాస్త వానా నెమ్మదిగా పడదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రం మబ్బు పట్టి, గాలి లేచి, ఉన్నట్టుండి కుమ్మరించి పోతుంది. చెట్టు నీడ కూడా లేని మెరకలో కాపరికి తలదాచుకునే చోటుండదు, మందను వదిలి ఊళ్లోకి పరిగెత్తే వీలూ ఉండదు. తన కప్పును తానే మోసుకు తిరగాలి.

సంతలో ప్లాస్టిక్ పట్ట చవగ్గా దొరుకుతుంది, చుక్క నీరు దిగదు, మడిస్తే సంచిలో పడుతుంది. మరి కంబళి ఎందుకు? ఒక గంటసేపు పట్ట కప్పుకుని కూర్చుంటే జవాబు దొరుకుతుంది. బయటి నీరు లోపలికి రాదు సరే, ఒంటి నుంచి వచ్చే ఆవిరి కూడా బయటికి పోదు. అది పట్ట లోపలివైపు చల్లబడి బొట్లు కడుతుంది, చొక్కా తడుస్తుంది, గాలి తగిలేసరికి వణుకు మొదలవుతుంది. వానలో తడవకుండా మన ఆవిరితో మనమే తడిశామన్నమాట.

ఇది కాపరి ఒక్కడి గొడవ కాదు. చిన్న మోటారు బోట్లు ఉన్నవాళ్లకు, నడిపేవాడు కూర్చునే చోటును ఏ గుడ్డతో కప్పాలన్నది పెద్ద తర్జనభర్జన. గాలి చొరని వినైల్ కప్పితే వాన ఆగుతుంది, కానీ కింద చెమ్మ నిలిచి సీట్లకు బూజు పడుతుంది. ఒకప్పుడు నూలు కాన్వాసు వాడేవారు. తడిస్తే దాని దారాలు ఉబ్బి సందులు మూసుకుంటాయి, ఆరితే మళ్లీ గాలి ఆడుతుంది. ఓడలవాళ్లు దానికి తారు పూసి మరింత గట్టి చేసుకున్నదే టార్పాలిన్. అయితే నూలు ఎండావానలకు త్వరగా చివికిపోతుంది. 1961లో సన్‌బ్రెల్లా పేరుతో అమెరికా మార్కెట్లోకి వచ్చిన యాక్రిలిక్ గుడ్డ పడవలవాళ్లకు నచ్చింది అందుకే. వాన జారిపోతుంది, ఆవిరి బయటపడుతుంది, రంగు త్వరగా వెలవదు.

మన దగ్గర ఈ పాఠం చెప్పేది వేరుశనగ. కట్టె పీకి వామి వేశాక మబ్బు పడితే రైతు పట్టల కోసం పరుగెత్తక తప్పదు. ఆ పూటకు అది సరైన పనే. వాన వెలిశాక కూడా పట్ట తీయకపోతేనే చిక్కు. పచ్చికాయలోని తేమ లోపలే ఉడికి బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టిందంటే కాయల్లో అఫ్లాటాక్సిన్ విషం చేరే ప్రమాదం ఉంది. కాయలో తేమ ఎనిమిది శాతానికి తగ్గేదాకా ఎండబెట్టి నిల్వ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే.

ఇక కంబళి. ఈ పనితనమంతా మూడు చోట్ల ఉంది: గొర్రెలో, చింతగింజలో, వాడకంలో.

దక్కను గొర్రె ఉన్ని ముతక. స్వెట్టర్లకు పనికిరాదు, వానకు మాత్రం బాగా పనికొస్తుంది. ఏడాదికి రెండుసార్లు గొర్రెల్ని కడిగి కత్తిరిస్తారు. పిల్ల గొర్రెల తొలి కత్తెర ఉన్ని మెత్తన, దాని కంబళికి గిరాకీ ఎక్కువ. రంగు వేయరు. గొర్రె ఏ రంగైతే కంబళీ అదే రంగు, నలుపు, గోధుమ, బూడిద. ఉన్నిని ఏకి దారం తీస్తారు. మందను కాస్తూనే కదురు తిప్పే మగవాళ్లూ, ఇంట్లో రాట్నం ముందు కూర్చునే ఆడవాళ్లూ ఈ పనిలో పాలు పంచుకుంటారు.

చేతివడుకు ఉన్నిదారం నూగుగా, బలహీనంగా ఉంటుంది. అలాగే మగ్గమెక్కిస్తే ఒకదానికొకటి చిక్కుకుని తెగుతుంది. అందుకని చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, దంచి, ఉడికించి చిక్కటి గంజి కాస్తారు. చాచి కట్టిన పడుగు మీద ఆ గంజిని కుంచెతో ఒక కొస నుంచి రెండో కొస దాకా దువ్వుతూ పోతారు. లేచి ఉన్న నూగంతా దారానికి అంటుకుపోతుంది. ఎండలో ఆరాక పడుగు తీగలా బిగుస్తుంది. కొత్త కంబళి అట్టలా నిలబడేదీ, దగ్గరికి తీసుకుంటే ఉన్ని వాసనతోపాటు కమ్మటి గింజ వాసన వచ్చేదీ ఈ గంజి వల్లే. తడిసినప్పుడు గంజి ఉబ్బి నేతలోని సన్న సందుల్ని పూడుస్తుంది.

మిగతా పని ఉన్నిదే. ఉన్ని పోగు పైన చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వాన చినుకు వాటి మీద జారుతుంది. పోగు లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో మూడోవంతు దాకా తేమ పట్టినా ముట్టుకుంటే తడిగా అనిపించదు, పైగా పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుడుతుంది. తడిలో రాపిడి తగిలితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ దట్టమవుతుంది. కాబట్టి నాలుగు వానలు చూసిన కంబళి కొత్తదానికన్నా మేలు. కప్పుకోవడంలోనూ ఒక పద్ధతుంది. మడిచిన కంబళి ఒక మూలను లోపలికి నెట్టి ఆ గూడును తలకు తొడుక్కుంటారు. మడత అంచు వీపు మీదుగా వాలుగా దిగి నీటిని వెనక్కి జార్చేస్తుంది. ముందువైపు తెరిచే ఉంటుంది, గాలి ఆడుతుంది, చేతిలో గొర్రెపిల్లను కూడా లోపలికి తీసుకోవచ్చు.

టర్కీ కాపరుల కెపెనెక్, కాకసస్ కొండల బుర్కా కూడా ఉన్నితో చేసిన ఇలాంటి కప్పులే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గానీ, గొర్రెతోపాటు వానలో నిలబడ్డవాడికి తట్టిన ఉపాయం. గొర్రెలు కాసే కురుబలకు కంబళి వానగుడ్డ మాత్రమే కాదు, పూజలోనూ పెళ్లిలోనూ దాన్ని పరుస్తారు. వాళ్ల భక్తకవి కనకదాసు విగ్రహాల భుజాన కనిపించేదీ అదే.

కంబళి అన్నిటికీ మందని నేను చెప్పను. రాత్రంతా జడివాన పట్టిందంటే కంబళి నీళ్లు తాగి మోయలేనంత బరువెక్కుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. శనక్కాయ రాశి మీద కప్పడానికి అది దండగ. అక్కడ పట్టే కావాలి. గంటా రెండు గంటల వానకు, తర్వాత వీచే చలిగాలికి, పొలంలో మంద పెట్టిన రాత్రి పడకకు మాత్రం ఇంతకు మించింది నాకు తెలియదు. నిప్పురవ్వ పడితే పట్ట కరిగి ఒంటికి అంటుకుంటుంది, ఉన్ని కమిలి ఆరిపోతుంది. చలిమంట పక్కన పడుకునేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

అసలు కరువు ఉన్నికే వచ్చింది. మాంసానికి ధర పెరిగి, ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. ఉన్ని అమ్మితే కత్తిరింపు కూలి కూడా గిట్టనప్పుడు కాపరిని తప్పుపట్టి లాభం లేదు. కంబళి కావాలంటే చాలామంది కర్ణాటకలోని చళ్లకెరె వైపు చూస్తారు. ఈ లోగా పాత స్వెట్టర్లు చించి తీసిన నూలుతో పానిపట్ మిల్లులు నేసే దుప్పట్లు సంతల్ని నింపేశాయి.

కొనేటప్పుడు కంబళిని ఎండకేసి పట్టి చూడండి. వెలుగు చుక్కలు ఎంత తక్కువ కనిపిస్తే నేత అంత బిగువు. రెండు పట్టీలు కలిపి కుట్టిన చోట కుట్టు దగ్గరగా, ఉన్నిదారంతోనే ఉండాలి. నీరు ముందు దిగేది అక్కడే. చివర ఒక పోగు లాగి వెలిగించండి. అసలు ఉన్నయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుతుంది. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అది కృత్రిమ దారం కలిసిన మిల్లు సరుకు. నేసినవాడే అమ్ముతుంటే ఈ పరీక్షకు ఏమీ అనుకోడు, అగ్గిపెట్టె తనే ఇస్తాడు.