ఎక్స్‌ట్రా టైమ్‌లో ఏ రూల్ బుక్కు?

స్కోరు సమమై ఎక్స్‌ట్రా టైమ్ అనగానే అందరి కళ్లూ ఆటగాళ్ల మీదికి పోతాయి. నా చూపు మాత్రం టేబుల్ మీదికి పోతుంది. స్కోర్‌షీట్ ముందు కూర్చున్న మనిషి ఏ రంగు పెన్ను తీస్తున్నాడు, టీమ్ ఫౌళ్ల పలకను ఏం చేస్తున్నాడు అని గమనిస్తాను. కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు స్కూలు బాస్కెట్‌బాల్ పోటీల్లో చాలా ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆట తారుమారయ్యేది ఎక్కువగా అక్కడే.

మన పోటీలు జరిగేది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రూల్స్‌తో. వాటి ప్రకారం ఎక్స్‌ట్రా టైమ్ 5 నిమిషాలు, అదీ నాలుగో క్వార్టర్‌కు కొనసాగింపు. స్కోర్‌షీట్ చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. ఒకటి, మూడు క్వార్టర్లు ఎర్ర పెన్నుతో రాస్తాం. రెండు, నాలుగు నీలంతోనో నలుపుతోనో. ఎక్స్‌ట్రా టైమ్‌కు వేరే రంగు లేదు, నాలుగో క్వార్టర్ రాసిన పెన్నే. టీమ్ ఫౌళ్లు కొట్టేయడానికి క్వార్టర్‌కు నాలుగేసి గడులుంటాయి. ఎక్స్‌ట్రా టైమ్‌కంటూ గడులు ఉండవు. నాలుగో క్వార్టర్లో ఆ నాలుగూ నిండిపోయి ఉంటే, ఎక్స్‌ట్రా టైమ్‌లో డిఫెన్స్ చేసే మొదటి ఫౌల్‌కే అవతలి జట్టుకు రెండు ఫ్రీ త్రోలు. జంప్ బాల్ వేయరు, టేబుల్ మీది బాణం ఎవరి వైపు ఉంటే బంతి వాళ్లది. బాస్కెట్లు మారవు.

టీవీలో ఎన్‌బీఏ చూసే పిల్లలకు ఇవన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. అక్కడ ఓవర్‌టైమ్ జంప్ బాల్‌తో మొదలవుతుంది, టీమ్ ఫౌళ్లు మళ్లీ సున్నా నుంచి లెక్కిస్తారు. టీవీ చూసి నేర్చుకున్నవాడికి అదే రూల్. వాణ్ని తప్పుపట్టలేం. కానీ వాడే రేపు టేబుల్ దగ్గర కూర్చుంటే?

ఆమధ్య ఒక టోర్నమెంట్‌లో అదే జరిగింది. మా వైపు ఆడపిల్లల జట్టు. మా గుడుపల్లెలో కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్లే ఎక్కువ, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు కొద్దిమందే. అందుకే వాళ్ల ఆట చూడటానికి పనిగట్టుకుని పోయాను. నాలుగో క్వార్టర్ ముగిసేసరికి స్కోరు సమం. అవతలి జట్టుకు అప్పటికే నాలుగు ఫౌళ్లు. ఎక్స్‌ట్రా టైమ్ మొదలు కాగానే టేబుల్ దగ్గరి కుర్రాడు పలకను సున్నాకు తిప్పేశాడు. మొదటి నిమిషంలోనే డ్రిబుల్ చేస్తున్న మా పాప చెయ్యి పట్టి లాగారు. విజిల్ పడింది. పాప ఫ్రీ త్రో గీత వైపు నడిచింది. రెఫరీ టేబుల్ వైపు చూశాడు, పలక మీద ఒకటే ఉంది. బంతిని సైడ్‌లైన్ దగ్గరికి పంపేశాడు. పాప గీత దగ్గరే ఒక క్షణం నిలబడి, వెనక్కి తిరిగి పరుగెత్తింది.

ఇలాంటి తప్పును దిద్దుకోవడానికి రూల్స్‌లోనే దారి ఉంది. రావాల్సిన ఫ్రీ త్రోలు ఇవ్వకపోతే, ఆ తర్వాత గడియారం కదిలి, బంతి తొలిసారి ఆగి, మళ్లీ ఆట మొదలయ్యేలోగా ఎవరైనా గుర్తించాలి. అది దాటితే తలుపు మూసుకున్నట్టే. పిల్లల పీఈటీ సార్ టేబుల్ దగ్గరికి పరుగెత్తేసరికి అది దాటిపోయింది. ఆ కుర్రాడు చాలా మర్యాదగానే చెప్పాడు: "ఎక్స్‌ట్రా టైమంటే కొత్త పీరియడ్ గదా సార్, టీవీలో అట్లనే వేస్తారు." మా పిల్లలు ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయారు.

రెఫరీ కంటికి ఫౌల్ కనబడకపోతే నాకు కోపం రాదు. పదిమంది కదులుతున్నచోట రెండు కళ్లు ఎంతని చూస్తాయి? ఆ తీర్పు అతనిది, దాన్ని ఒప్పుకునే ఆడతాం. రూల్ అలా కాదు. అది ఆట మొదలయ్యే ముందే రెండు జట్లూ ఒప్పుకున్న మాట. దాన్ని మధ్యలో మార్చే హక్కు ఎవరికీ లేదు.

పెద్ద లీగుల్లోనూ ఇలాంటి తప్పులు జరిగాయి. 1982 నవంబరు 30న ఎన్‌బీఏలో లేకర్స్, స్పర్స్ ఆటలో ఆఖరి 3 సెకన్లు మిగిలి ఉండగా ఫ్రీ త్రో దగ్గర రెఫరీలు ఒక రూల్‌ను తప్పుగా వాడారు. ఆ అవకాశంతో లేకర్స్ స్కోరు సమం చేసి, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత గెలిచింది. స్పర్స్ ఫిర్యాదు నెగ్గింది. 1983 ఏప్రిల్‌లో ఆ 3 సెకన్లనూ మళ్లీ ఆడించారు, ఈసారి స్పర్స్ గెలిచింది. 2007 డిసెంబరు 19న అట్లాంటాలో ఓవర్‌టైమ్‌లో 51.9 సెకన్లు ఉండగా మయామీ ఆటగాడు షకీల్ ఓనీల్‌ను ఆరో ఫౌల్ అయిందని బయటికి పంపారు. నిజానికి అతనికి ఐదే. సహచరుడు హాస్లెమ్ ఫౌల్‌ను టేబుల్ వాళ్లు ఓనీల్ పేరు మీద రాసేశారు. 2008 మార్చి 8న ఆ 51.9 సెకన్లు మళ్లీ ఆడించారు. అప్పటికి ఓనీల్ వేరే జట్టుకు మారిపోయాడు. ఎవరూ ఒక్క పాయింటూ చేయలేదు, 114-111తో అట్లాంటాయే నెగ్గింది. టేబుల్ తప్పుకు ఆతిథ్య జట్టయిన అట్లాంటాకు 50,000 డాలర్ల జరిమానా పడింది. ఫలితం మారకపోయినా ఆ కొద్ది సెకన్లను మళ్లీ ఆడించడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మన స్కూలు పోటీల్లో ఆ వీలుండదు. పిల్లలు సాయంత్రం రైలు ఎక్కేస్తారు.

మనకు బాగా తెలిసిన ఆటలో అయితే 2023 అక్టోబరు 7 గుర్తుకొస్తుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కబడ్డీ ఫైనల్, భారత్ 28, ఇరాన్ 28. పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండానే కోర్టు అంచున ఉండే లాబీలోకి పోయాడు. వెంటపడి ఇరాన్ డిఫెండర్లూ పోయారు. పాత అంతర్జాతీయ రూల్ ప్రకారం వెంట పోయినవాళ్లూ అవుటే. ప్రో కబడ్డీలో మార్చిన రూల్ ప్రకారం కూతకు వెళ్లినవాడొక్కడే అవుట్. ఇరాన్ వాళ్లూ ప్రో కబడ్డీ ఆడేవాళ్లే, వాళ్లకు ఆ రూలే అలవాటు. అధికారులు తీర్పును అటు మార్చారు, ఇటు మార్చారు. ఆటగాళ్లు మ్యాట్ మీదే కూర్చుండిపోయారు. దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి పాత రూలే నిలిచి 33-29తో బంగారు పతకం మనకొచ్చింది.  గెలిచినందుకు నేనూ సంతోషించాను. అయినా ఒక ఫైనల్ ఆఖరి నిమిషంలో అధికారుల దగ్గర రెండు రూల్ బుక్కులు ఉండటం నాకు మింగుడుపడలేదు.

గుడుపల్లెలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మాది మూడు రాష్ట్రాలు కలిసేచోటు. సంక్రాంతి కబడ్డీకి బంగారుపేట వైపు నుంచీ, కృష్ణగిరి వైపు నుంచీ జట్లు వస్తాయి. స్కోరు సమమైతే ఒకరు గోల్డెన్ రెయిడ్ అంటారు, ఒకరు ఐదేసి కూతలంటారు, ఇంకొకరు టాస్ వేయమంటారు. ఎవరి ఊళ్లో రూల్ వాళ్లది. చివరికి గొంతు పెద్దదున్నవాడి మాటే చెల్లుతుంది.

టోర్నమెంట్లు పెట్టే తమ్ముళ్లను అడుగుతున్నాను. ఫ్లెక్సీలో ఎంట్రీ ఫీజు వేస్తారు, బహుమతి ఎంతో వేస్తారు, దాతల ఫొటోలు వేస్తారు. స్కోరు సమమైతే ఏం చేస్తారో కూడా రెండు లైన్లు వేయండి. టాస్‌కు ముందు కెప్టెన్లిద్దరికీ అది చదివి వినిపించి సంతకం తీసుకోండి. టేబుల్ దగ్గర కూర్చునేవాణ్ని టీతో సరిపెట్టకుండా రెఫరీకి ఇచ్చినంతే ఇవ్వండి. స్కోర్‌షీట్ రాయడం నేర్చుకోవాలనుకునే పిల్లలుంటే ఆదివారం పొద్దున హైస్కూల్ గ్రౌండుకు పంపండి, నేను అక్కడే ఉంటాను.