మార్టినీ కీలు

తుపాకీ పనితనం తెలియాలంటే కాల్చి చూడనక్కర్లేదు, విప్పి చూస్తే చాలు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక పాత ఇంట్లో, తాత నుంచి మనవడి దాకా లైసెన్సు పేరు మారుతూ వచ్చిన మార్టినీ రైఫిల్ ఒకటుంది. బర్మింగ్‌హాంలో బీఎస్ఏ కంపెనీ చేసిన .310 బోరు తుపాకీ. ఒక తూటా పెట్టి కాల్చాలి, ఖాళీ డొప్ప తీయాలి, మళ్లీ ఇంకొకటి పెట్టాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత దానికి వేట పని లేదు. అప్పుడప్పుడు విప్పి, తుడిచి, తిరిగి బిగించడమే మిగిలింది. లైసెన్సున్న ఒక ఉస్తాద్ వరంగల్ నుంచి వచ్చి ఆ పని చేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ఆ ఉక్కు మీద, దాన్ని ముట్టుకున్న తీరు మీద నాకు కలిగిన గౌరవమే ఈ వ్యాసం రాయిస్తోంది.

తుపాకీని చేతిలోకి తీసుకోగానే ఆయన చేసిన మొదటి పని మీట కిందికి లాగి, గొట్టం వెనక భాగంలోకి చూడటం, తర్వాత చిటికెన వేలు పెట్టి తడమటం. ఖాళీ అని ఇంటాయన ముందే చెప్పాడు. అయినా కన్నూ వేలూ రెండూ చెప్పాకే ఉస్తాద్ నమ్మాడు. ఆ తర్వాతే బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు.

ఈ తుపాకీకి బయట సుత్తి కనిపించదు. ట్రిగ్గర్ వెనక, చెయ్యి పట్టే చోట, పొడవాటి మీట ఒకటి ఉంటుంది. దాన్ని కిందికి లాగితే గొట్టాన్ని మూసి ఉంచే ఉక్కు దిమ్మె ముందు కొస దిగుతుంది. దిమ్మె పైన పొడవునా గాడి తీసి ఉంటుంది. తూటాను అందులో ఉంచి బొటనవేలితో నెడితే జారి గొట్టంలోకి పోతుంది. మీటను పైకి తెస్తే దిమ్మె లేచి గొట్టాన్ని మూసేస్తుంది. కాల్చాక మళ్లీ మీట లాగినప్పుడు, దిగుతున్న దిమ్మె ఒక చిన్న కొక్కెం కాలిని తన్నుతుంది, ఆ కొక్కెం డొప్పను బయటికి విసురుతుంది. మీట ఒకసారి కిందికీ పైకీ ఆడితే డొప్ప పోయింది, స్ప్రింగు బిగిసింది, గొట్టం మూసుకుంది. ఇన్ని పనులకు ఇంత తక్కువ సామాను చాలడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఆ ఆలోచన ఒక్కరిది కాదు. బోస్టన్‌కు చెందిన హెన్రీ పీబాడీ 1862లో వెనక్కి కీలు ఉన్న దిమ్మెకు పేటెంటు తీసుకున్నాడు. దానికి బయట సుత్తి ఉండేది. స్విట్జర్లాండులో పనిచేసిన ఫ్రెడరిక్ ఫాన్ మార్టినీ ఆ సుత్తిని తీసేసి, సూదినీ చుట్టల స్ప్రింగునూ దిమ్మె కడుపులోనే దాచాడు. దానికి ఎడింబరోలోని అలెగ్జాండర్ హెన్రీ గొట్టాన్ని జోడించి బ్రిటిష్ సైన్యం 1871లో మార్టినీ-హెన్రీగా తీసుకుంది. ఆ తర్వాత బెల్జియంలోని లియేజ్ పట్టణపు ఫ్రాంకాట్ ఇంకో మెట్టు ఎక్కాడు: దిమ్మె, మీట, ట్రిగ్గర్, స్ప్రింగు అన్నీ ఒకే ముద్దగా కూర్చి, ఆ ముద్ద మొత్తాన్ని ఒక్క అడ్డపిన్నుతో తుపాకీ చట్రంలో నిలబెట్టాడు. ఘన్‌పూర్ తుపాకీ ఆ వంశానిదే.

ఆ పిన్ను తీయడం చూడాలి. ఉస్తాద్ దాన్ని ఇనప సుత్తితో కొట్టలేదు. చివర ఇత్తడి ఉన్న పుల్లను ఆనించి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి, ఆగి, వేలితో తడిమి, మళ్లీ తట్టాడు. “బలం పెడితే వస్తదనుకుంటరు సార్. అది ఎటు రమ్మంటదో మనం వినాలె” అన్నాడు. పిన్ను కదిలింది. మీటను సగం దించి లాగితే యంత్రం యావత్తూ ఒకే ముద్దగా అరచేతిలోకి వచ్చింది. లోపలి గోడల మీద వందేళ్ల నాటి ఆకురాయి గీతలు ఇంకా సన్నగా కనిపిస్తున్నాయి. మిల్లింగ్ యంత్రం కోసిన చోటు వేరు, మనిషి చెయ్యి సరిచేసిన చోటు వేరు. బయటి ముఖాలన్నీ అద్దంలా తోమి, ఎవరూ చూడని లోపల మాత్రం అవసరమైనంతే తోమి వదిలారు. అది నిర్లక్ష్యం అనుకోను. ఏ ముఖం దేన్ని ఒరుసుకుంటుందో తెలిసిన మనిషి నిర్ణయం అది.

ఒక ముఖం గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి. తుపాకీ పేలినప్పుడు ఒత్తిడి వెనక్కి తన్నుతుంది. ఆ బరువంతా దిమ్మెను పట్టి ఉంచే పిన్ను మీద పడుతుందని చూసినవాళ్లు అనుకుంటారు. పడదు. దిమ్మె వెనక కొస గుండ్రంగా ఉంటుంది, దాని వెనక చట్రం గోడకు అదే కొలతలో పల్లం ఉంటుంది. తన్ను ఆ గుండ్రం నుంచి ఆ పల్లంలోకి, అక్కడి నుంచి చట్రం మొత్తానికి పాకుతుంది. పిన్ను పని దిమ్మెను దాని చోట ఆడించడమే. అంటే ఈ తుపాకీ ప్రాణం ఆ రెండు వంపుల పొందికలో ఉంది. నల్లగా ఉందని, మురికిగా ఉందని ఎవరైనా అక్కడ ఎమరీ కాగితం పెట్టి రుద్దితే పొందిక సడలుతుంది, తూటా వెనక సందు పెరుగుతుంది. ఉస్తాద్ ఆ వంపును నూనె గుడ్డతో తుడిచి వదిలేశాడు. మిగతా చోట్ల ఎంతో ఓపికగా పనిచేసిన మనిషి అక్కడ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన విద్య నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కడే కనిపించింది.

మరమేకుల విషయంలోనూ అంతే పట్టింపు. ఆంగ్లేయుల తుపాకీల మరమేకుల నెత్తి గాడులు సన్నగా ఉంటాయి, బజారు స్క్రూడ్రైవరు వాటిలో సరిగా కూర్చోదు. జారితే నెత్తి చీరుకుపోతుంది, పక్కన ఉక్కు మీద గీత పడుతుంది. అందుకే ఆయన ఒక్కో గాడికి తగ్గట్టు ఒక్కో స్క్రూడ్రైవరు కొసను రాయి మీద అరగదీసి పెట్టుకున్నాడు. ఈ తుపాకీ మీద ఒక్క నెత్తీ చెడలేదు. ఇన్నేళ్లలో దీన్ని విప్పినవాళ్లంతా తెలిసినవాళ్లేనన్నమాట.

గొట్టం శుభ్రతలో మార్టినీకి ఒక చిక్కుంది. చట్రం వెనక గోడ మూసుకుని ఉంటుంది కనుక శుభ్రం చేసే కడ్డీ వెనక నుంచి పోదు, మూతి వైపు నుంచే దూర్చాలి. గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి అంచు అక్కడే ఉంది. కడ్డీ ఒక పక్కకు ఒరిగి ఆ అంచును ఏళ్ల తరబడి అరగదీస్తే గురి పోతుంది. దానికి విరుగుడుగా ఉస్తాద్ మూతికి తొడిగే ఇత్తడి గుబ్బ ఒకటి చేయించుకున్నాడు, కడ్డీ సరిగ్గా నడుమ నుంచే పోయేలా. ఇత్తడి ముక్క పెంబర్తి నుంచి తెచ్చి లేత్ మీద తిప్పించాడట. ఇత్తడి మెత్తన కాబట్టి అరిగితే గుబ్బ అరుగుతుంది, ఉక్కు నిలుస్తుంది.

తర్వాత ఆయన వేడినీళ్లు అడిగాడు. ఉక్కు తుపాకీలోకి నీళ్లా అని ఇంటివాళ్లు కంగారుపడ్డారు గానీ, కారణం రసాయనంలో ఉంది. పాత తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక గొట్టంలో మిగిలేది పొటాషియం క్లోరైడ్, ఒక రకం ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను పీల్చి గొట్టాన్ని లోపల్నుంచి తింటుంది. నూనె ఉప్పును కరిగించదు, కేవలం కప్పుతుంది. కరిగించేవి నీళ్లే. మరిగే నీళ్లు పోస్తే ఉప్పు కొట్టుకుపోతుంది, గొట్టం వేడెక్కి తడి తనంతట తానే ఆరిపోతుంది. ఆ వెంటనే పొడిగుడ్డ, ఆపైన పలచగా నూనె. ఆ తర్వాత గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి నాకు చూపించాడు. మెలికలు తిరిగిన గాడులు కొస దాకా పదునుగా ఉన్నాయి.

గొట్టం పైన ఉన్న నీలినలుపు కూడా నిజానికి తుప్పే. పాత బ్రిటిష్ పనివాళ్లు ఉక్కును కావాలని పలచగా తుప్పు పట్టించి, మరిగే నీళ్లలో ఉంచి దాన్ని నల్లటి ఆక్సైడుగా మార్చి, సన్నతీగ కుంచెతో తోమి, మళ్లీ అదే చేసేవారు. పొర మీద పొర. ఆ రంగు కింద బర్మింగ్‌హాం పరీక్షాశాల ముద్రలు ఇంకా చదవొచ్చు. 1813లో చట్టం ద్వారా ఏర్పడిన ఆ సంస్థ ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూశాకే ముద్ర వేసేది. చట్రం మీద బీఎస్ఏ గుర్తు, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు, ఇంకా చెదరలేదు.

ఈ ప్రాంతానికి షికారు తుపాకులు కొత్త కాదు. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు నెక్కొండ దగ్గర షికారు శిబిరంలో వేటాడిన పులితో దిగిన ఫొటోను ఫొటోగ్రాఫర్ దీన్‌దయాళ్ తీశాడు. అవి దొరల జోడుగొట్టాల తుపాకుల రోజులు. అదే కాలంలో తెల్లవాళ్ల భయమొకటి తుపాకీ కొలతలనే మార్చింది. తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టినీ-హెన్రీలకు తూటాలు దొరక్కూడదని 1907 ప్రాంతంలో ఇండియాలో .450 బోరును నిషేధించారు. అందుకే లండన్ కంపెనీలు .470, .465 లాంటి కొత్త బోర్లు పుట్టించాయి. .310 ఆ గొడవలోకి రాలేదు, అది చిన్న వేటకు సరిపోయే చిన్న గుండు.

ఇక్కడి కమ్మరుల చేతిపని వేరే దారిది. మూతి నుంచి మందు కూరే బర్మారును మన ఊరి కొలిమిలోనే చేసేవారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత రగిలిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతుల్లో ఉన్నవాటిలో బర్మార్లూ ఉన్నాయి. మార్టినీ కొలతల సన్నతనం వాటికి లేదు. కానీ కమాను విరిగితే చేసిన మనిషే బాగుచేసేవాడు, అది పక్క వీధిలోనే అయ్యేది. ఆ చేతికి కూడా నేను ఇంతే విలువ ఇస్తాను.

కుందా అక్రోటు కర్ర. దానికి వార్నిషు వద్దన్నాడు ఉస్తాద్. వార్నిషు పైన పొరగా నిలిచి పగులుతుంది, పగులులోంచి తేమ దూరుతుంది. పచ్చి అవిసె నూనెను నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కే దాకా కర్రకు పట్టించాడు. కుందాను చట్రానికి బిగించే పొడవాటి బోల్టు లోపల, మడమ నుంచి దూరుతుంది. దాన్ని మాత్రం కదపలేదు. బిగువు బాగున్నప్పుడు ఊరికే విప్పి బిగిస్తే కర్ర చోటు అరుగుతుంది.

యంత్రాన్ని తిరిగి కూర్చాక మీటను మెల్లగా ఆడించి, దిమ్మె ఎక్కడా పట్టకుండా లేస్తోందని చూసుకున్నాడు. పిన్ను వేలితో నెట్టగానే చోటు చేరింది. ఇంటాయనకు చెప్పినవి రెండే మాటలు. తుపాకీని తోలు ఒరలో పెట్టి ఉంచొద్దు, తోలు తేమ పట్టి ఉక్కును తింటుంది. ఎన్నికల వేళ ఠాణాలో జమ చేసేముందు గొట్టానికి మామూలు కంటే చిక్కగా నూనె పట్టించాలి, తిరిగి తెచ్చుకున్న రోజే ఆ నూనె తుడిచి వెలుతురులో చూసుకోవాలి.